కూరగాయకు మూడు నక్షత్రాలు

పారిస్‌లోని ర్యూ ద వారెన్ పెద్దమనుషుల వీధి. ఫ్రాన్స్ ప్రధానమంత్రి అధికార నివాసం అక్కడే. శిల్పి రోడాన్ మ్యూజియం అక్కడే. మ్యూజియానికి కూతవేటు దూరంలో, 84వ నంబరు భవనంలో ‘లార్పెజ్’ అనే రెస్టారెంట్ ఉంది. 1996లో దానికి మిషెలిన్ గైడ్ మూడో నక్షత్రం ఇచ్చింది. ఆ మూడింటినీ పాతికేళ్లకు పైగా చెక్కుచెదరకుండా నిలబెట్టుకొస్తున్న చోటు అది.

2025 జులైలో ఆ రెస్టారెంట్ యజమాని, ప్రధాన షెఫ్ అలేన్ పసార్ ఒక ప్రకటన చేశారు. ఇకమీదట తన వంటింట్లోకి మాంసం రాదు. చేప రాదు. గుడ్డు రాదు. పాలు, వెన్న, మీగడ కూడా రావు. ఒక్క తేనెకు మాత్రం మినహాయింపు, అదీ సొంత తోటల్లో పెంచుకునే తేనెటీగలది.

శాకాహారం మనకు కొత్త కాదు కాబట్టి ఇందులో వింతేముంది అనిపించవచ్చు. పసార్ పుట్టింది ఫ్రాన్స్‌కు పడమటి కొసన ఉన్న బ్రిటనీలో. ఉప్పు వెన్నకు ఆ ప్రాంతం పెట్టింది పేరు. రొట్టె మీద, కేకులో, చేప వేపుడులో, చివరికి పంచదార పాకంలో కూడా వాళ్లు ఆ వెన్నే వేస్తారు. ఇక పెద్ద ఫ్రెంచి వంట అంతా వెన్న, మీగడ, ఎముకలు మరిగించి తీసిన రసం, ఈ మూడింటి మీదే నిలబడి ఉంది. చిన్నప్పటి నుంచి వాటితోనే చెయ్యి తిరిగిన వంటవాడు, డెబ్బైకి దగ్గరపడ్డ వయసులో, పేరుకూ డబ్బుకూ లోటు లేని రోజుల్లో, మూడింటినీ ఒక్కసారిగా పక్కన పెట్టేశారు. మూడు నక్షత్రాల ఫ్రెంచి రెస్టారెంట్ ఏదీ అప్పటిదాకా ఆ సాహసం చేయలేదు.

గత పాతికేళ్లలో యూరప్‌లోని ఖరీదైన రెస్టారెంట్లు చేసిన పనుల్లో నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది ఇదే. నురగలు, పొగలు, గాజు గోళాలు కాదు. పళ్లెం అంచున అలంకారంగా పడి ఉన్న కూరగాయను తెచ్చి మధ్యలో కూర్చోబెట్టడం. దానికి తగిన నైపుణ్యం, దానికి తగిన సమయం, దానికి తగిన గౌరవం ఇవ్వడం. ఆ కథ మొదలైంది లార్పెజ్‌లోనే కాకపోయినా, ఎక్కువ దూరం నడిచింది మాత్రం అక్కడే.

నిప్పు తెలిసిన వంటవాడు

పసార్ 1956లో లా గెర్ష్ ద బ్రెతాన్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి సంగీతకారుడు, తల్లి బట్టలు కుట్టేవారు. వంట మీద మనసు పడింది మాత్రం నానమ్మ లూయీజ్ వల్ల. పొయ్యి దగ్గర ఆమె నిలబడే తీరు, నిప్పు చప్పుడు వినే తీరు తనకు మొదటి పాఠమని ఆయన ఎప్పుడూ చెబుతారు. ఆమె చిత్రపటం ఇప్పటికీ లార్పెజ్ భోజనాల గదిలో గోడ మీద ఉంది.

పద్నాలుగేళ్లకే వంటింట్లో పనికి చేరి, పారిస్‌లో అలేన్ సాందెరెన్స్ అనే మహా వంటగాడి దగ్గర తేలారు. 1986లో ఆ గురువు నడిపిన చోటునే కొని లార్పెజ్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది ఒక నక్షత్రం, ఆపై ఏడాది రెండోది, 1996లో మూడోది. ఈ నక్షత్రాల సంగతి ఒక ముక్క చెప్పాలి. మిషెలిన్ టైర్ల కంపెనీ కార్లవాళ్ల కోసం 1900లో వేసిన గైడ్ పుస్తకం అది. 1926లో నక్షత్రాలు మొదలుపెట్టింది. ఒకటి అంటే తన తరహాలో చాలా మంచిది అని, రెండు అంటే దారి మళ్లి అయినా వెళ్లదగ్గది అని, మూడు అంటే దానికోసమే ప్రయాణం కట్టదగ్గది అని అర్థం.

ఆ రోజుల్లో పసార్ పేరు చెప్పగానే మాంసం గుర్తొచ్చేది. మంట పెద్దది చేయకుండా, సన్నని సెగ మీద, వెన్నతో తడుపుతూ, ఓపిగ్గా తిప్పుతూ గంటల తరబడి కాల్చడం ఆయన పద్ధతి. 1990ల చివర్లో యూరప్‌ను పిచ్చి ఆవు వ్యాధి వణికించింది. గొడ్డు మాంసం అంటేనే జనానికి భయం పట్టుకుంది. పసార్‌కు పట్టుకున్నది మాత్రం భయం కాదు, విసుగు. చచ్చిన జంతువుతో రోజూ సావాసం తనవల్ల కావడం లేదని, వంట మీద ఇష్టమే పోయిందని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పుకొచ్చారు. కొన్నాళ్లు దూరంగా ఉండి, తిరిగొచ్చి, 2001లో ఎర్ర మాంసం మొత్తం మెనూ నుంచి తీసేశారు.

పారిస్ ముక్కున వేలేసుకుంది. నక్షత్రాలు ఊడటం ఖాయం అన్నవాళ్లే ఎక్కువ. ఊడలేదు. ఏళ్లు గడిచేకొద్దీ కోడి, బాతు, అప్పుడప్పుడూ గొర్రె మాంసం నెమ్మదిగా తిరిగి వచ్చిన మాట నిజమే. కానీ భోజనానికి నాయకత్వం మళ్లీ మాంసం చేతికి పోలేదు. కాల్చడం, పొగబెట్టడం, మంటల్లో తిప్పడం, నిప్పుల మీద నెమ్మదిగా మగ్గబెట్టడం, మాంసానికి వాడిన విద్యంతా ఆయన ఉల్లిపాయకు, సెలరీ దుంపకు, క్యారెట్‌కు వాడారు. అసలు కిటుకు ఇదేననిపిస్తుంది నాకు. కూరగాయల వంట నేర్చుకున్నవాడు కూరగాయలు వండటం ఒక ఎత్తు. నిప్పుతో ఆడుకోవడం ముప్ఫై ఏళ్లు సాధన చేసినవాడు ఆ చెయ్యి తెచ్చి క్యారెట్ మీద పెట్టడం వేరే ఎత్తు.

మూడు తోటలు, మూడు మట్టులు

కూరగాయే కథానాయకుడు అయినప్పుడు బజారు సరుకుతో పని జరగదు. 2002లో పసార్ పారిస్‌కు నైరుతిగా, సార్త్ జిల్లాలోని ఫియే అనే ఊళ్లో మొదటి తోట పెట్టారు. ఆ తర్వాత నార్మండీలో రెండు, వాటిలో ఒకటి మోన్ సాన్ మిషెల్ సముద్రతీరం దగ్గర. మూడూ మూడు రకాల నేలలు. సార్త్‌లో ఇసుక నేల, క్యారెట్‌కూ ఆస్పరాగస్‌కూ లీక్స్‌కూ అనువైనది. రెండోచోట బంకమట్టి, సెలరీ దుంప, క్యాబేజీ లాంటివి అక్కడ బలంగా వస్తాయి. సముద్రం దగ్గర ఒండ్రు మట్టి, సువాసన ఆకులకు మంచిది. ద్రాక్షసారాలో ఏ కొండవాలు రుచి ఉందో వెతికే ఫ్రెంచివాళ్లకు క్యారెట్‌లోనూ నేల రుచి ఉంటుందని చూపించడం ఆయన పట్టుదల.

పురుగుమందులు లేవు. దున్నడానికి ట్రాక్టరు బదులు గుర్రం. బరువైన యంత్రం నేలను అణిచేస్తుంది, గుర్రం అంతగా అణచదు, అందుకని. తెల్లవారుజామున కోసిన కూరగాయలు రైలెక్కి మధ్యాహ్నం భోజనం వేళకు పారిస్ చేరిన రోజులున్నాయి. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోయే రైల్లో పాలకూర పెట్టెలు! ఫ్రిజ్‌లో పెట్టి చల్లబడ్డ టమాటాకు రుచి చస్తుందన్నది పసార్ నమ్మకం, అది శాస్త్రం కూడా ఒప్పుకునే మాటే. చలికి టమాటాలో సువాసననిచ్చే పదార్థాల తయారీ మందగిస్తుంది.

దీనివల్ల వంటింటి పద్ధతే తలకిందులైంది. మామూలుగా షెఫ్ మెనూ రాస్తాడు, సరుకులవాడు తెస్తాడు. ఇక్కడ పొద్దున పెట్టె తెరిచి చూశాక మెనూ మొదలవుతుంది. బఠాణీ రెండు వారాలే వస్తుందంటే రెండు వారాలే ఉంటుంది. డిసెంబరులో టమాటా అడిగితే లేదనే చెబుతారు.

ఫ్రాన్స్‌లో ఈ మోజు పూర్తిగా కొత్తది కూడా కాదు. వెర్సాయ్ కోట పక్కన పద్నాలుగో లూయీ కోసం లా కాంతినీ అనే తోటమాలి 1678, 1683 మధ్య ‘రాజుగారి పెరడు’ తయారు చేశాడు. చలికాలంలో ఆస్పరాగస్, మార్చిలో స్ట్రాబెర్రీ పండించి రాజు బల్ల మీద పెట్టాడు. పచ్చి బఠాణీల కోసం రాజాస్థానమంతా వెర్రెత్తిపోయింది. ఆ తోట ఇప్పటికీ ఉంది, టికెట్టు కొని చూడొచ్చు. మధ్యలో ఎక్కడో మాంసమే దర్పానికి గుర్తయిపోయి కూరగాయ వెనక్కి పోయింది.

ఉప్పు గుట్టలో బీట్‌రూట్

లార్పెజ్‌కు పేరు తెచ్చిన వంటకాల్లో ఒకదాన్ని దగ్గర నుంచి చూద్దాం. కాల్చడానికి కావలసినవి రెండే: పెద్ద బీట్‌రూట్ ఒకటి, బ్రిటనీ తీరంలోని గెరాండ్ ఉప్పుమడుల నుంచి వచ్చిన బూడిదరంగు గళ్ల ఉప్పు రెండు కిలోల దాకా. గెరాండ్‌లో సముద్రపు నీటిని బంకమట్టి మడుల్లో ఎండబెడతారు, అందుకే ఆ ఉప్పుకు ఆ రంగు, ఆ తడి. పళ్లెంలో ఉప్పు పరిచి, తొక్క తీయని దుంపను నిలబెట్టి, మిగతా ఉప్పుతో పూర్తిగా కప్పేసి గోపురంలా అదుముతారు. దాన్ని ఓవెన్‌లో పెడతారు. తడి ఉప్పు గట్టిపడి పెంకు కడుతుంది. దుంపలోని నీరు బయటికి పోలేదు, లోపలే ఆవిరై లోపలే మగ్గుతుంది. బయటికి తీశాక వెంటనే పగలగొట్టరు. వేడి నెమ్మదిగా సర్దుకునేదాకా అలాగే వదిలేస్తారు.

ఆ ఉప్పు కొండను అలాగే భోజనాల గదిలోకి తెస్తారు. తినేవాళ్ల ముందే పెంకు పగలగొట్టి, దుంపను బయటికి తీసి, ముక్కలు కోసి, ఏళ్ల తరబడి నిలవబెట్టిన చిక్కటి బాల్సమిక్ వెనిగర్ చుక్కలు వేస్తారు. అంతే. నిప్పుల కుమ్ములో కప్పెట్టి కాల్చిన చిలగడదుంప తిన్నవాళ్లకు ఆ రుచి లెక్క అర్థమవుతుంది. ఉడికించినప్పుడు నీళ్లలోకి పోయే తీపి అంతా దుంపలోనే ఉండిపోతుంది. మట్టి వాసన తీపిగా మారుతుంది. ఉప్పు తొక్క మీదే ఆగిపోతుంది, లోపలికి కొద్దిగానే దిగుతుంది.

ఈ వంటకంలో నాకు నచ్చేది దాని ధైర్యం. వెనక మసాలా లేదు, మీద సాస్ లేదు, పక్కన అలంకారం లేదు. తప్పు జరిగితే దాచుకునే చోటు లేదు. దుంప మంచిది కాకపోతే అంతా వృథా.

మూడు గంటల భోజనం

ఇలాంటి చోట భోజనం ఎలా నడుస్తుందో చెప్పుకుందాం. ఎక్కువ రెస్టారెంట్లలో మనం వంటకాలు ఎంచుకోవడం ఉండదు. ‘టేస్టింగ్ మెనూ’ అని వాళ్లే వరస పెడతారు. పది పన్నెండు చిన్న వంటకాలు, కొన్నిచోట్ల ఇరవై దాకా. ముందు రెండు మూడు, ఒక్క ముద్దలో పోయేవి, చేత్తోనే తినాలి. ఆ తర్వాత చల్లనివి, వెచ్చనివి, ఒక బరువైనది, తీపికి ముందు నాలుక కడగడానికి పుల్లటిది ఒకటి, ఆపైన తీపి వంటకాలు. రొట్టె దానంతటదే ఒక వంటకంలా వస్తుంది. తేలిగ్గా మూడు గంటలు పడుతుంది.

ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే ఈ ఆచారం ఫ్రెంచివాళ్ల సొంతం కాదు. పాతకాలపు ఫ్రెంచి విందుల్లో అన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టేవారు. వరసగా వడ్డించడం రష్యన్ పద్ధతి. 1810 ప్రాంతంలో పారిస్‌లోని రష్యా రాయబారి కురాకిన్ దాన్ని పరిచయం చేశాడంటారు. ఆ శతాబ్దం చివరికి ఎస్కోఫియే అనే షెఫ్ లండన్ సవాయ్ హోటల్లో వంటింటిని సైన్యంలా విభాగాలు చేసి, వేడివేడిగా వరస తప్పకుండా వచ్చేలా చేశాడు. 1973లో గో, మియో అనే ఇద్దరు విమర్శకులు బరువైన సాసులు వద్దు, తక్కువ ఉడికించండి, బజారులో ఆరోజు ఏది తాజాగా ఉంటే అది వండండి అని పది సూత్రాలు రాసి ‘కొత్త వంట’కు జెండా ఎత్తారు. లండన్‌లో 1980ల చివర్లో ఫ్రెంచి పద్ధతికి ఇటలీ, స్పెయిన్ రుచులు కలిపి తేలిగ్గా వండే చోట్లు పుట్టుకొచ్చాయి. ‘మోడర్న్ యూరోపియన్’ అనే బోర్డు ఆ కోవలోదే. స్పెయిన్‌లో ఫెర్రాన్ అద్రియా ‘ఎల్ బుల్లి’ని ప్రయోగశాల చేసి, 2011లో తలుపులు మూసేశారు. డెన్మార్క్‌లో రెనే రెడ్జెపీ 2003లో ‘నోమా’ తెరిచి, తమ చలిదేశంలో దొరికే నాచు, అడవి ఆకులు, పుల్లటి కాయలతోనే వండుతామని పంతం పట్టారు.

వీళ్లందరిలో కూరగాయకు నిజమైన మొదటి గౌరవం చేసింది మిషెల్ బ్రాస్ అని నేను నమ్ముతాను. దక్షిణ ఫ్రాన్స్ కొండల్లో లగ్యోల్ ఆయన ఊరు. 1980 ప్రాంతంలో ఆయన ‘గార్గుయూ’ అనే వంటకం మొదలుపెట్టారు. పదుల రకాల దుంపలు, ఆకులు, మొలకలు, పూలు, ప్రతిదీ దానికి తగినట్టు విడివిడిగా వండి లేదా పచ్చిగానే ఉంచి, ఒకే పళ్లెంలో కలుపుతారు. రోజూ మారుతుంది. అన్నీ కలిపి ఒకే కుండలో ఉడికిస్తే గంటలో అయ్యే పనికి అక్కడ పొద్దుటి నుంచి పది చేతులు ఒలుస్తూ ఉంటాయి. పసార్‌కన్నా ఇరవై ఏళ్లు ముందు జరిగిన మాట ఇది.

మళ్లీ భోజనం దగ్గరికి వద్దాం. భోజనాల గదికీ వంటింటికీ మధ్య ‘పాస్’ అనే గట్టు ఉంటుంది. వండిన పళ్లేలన్నీ అక్కడికి వచ్చి, షెఫ్ చూసి, అంచు తుడిచి, బల్ల నంబరు పిలిచి పంపుతారు. మీరు చేతులు కడుక్కోవడానికి లేచారనుకోండి. ఆ కబురు క్షణాల్లో పాస్‌కు చేరుతుంది. మీ తర్వాతి వంటకం అక్కడ ఆగిపోతుంది. తిరిగొచ్చేసరికి కుర్చీ మీద నాప్కిన్ మడత పెట్టి ఉంటుంది. మీరు కూర్చున్నాకే పొయ్యి మళ్లీ కదులుతుంది. బల్లకు నలుగురుంటే నాలుగు పళ్లేలూ ఒకేసారి దిగుతాయి. తినేవాడి నడకకు వంటింటి నడకను కట్టివేసే ఈ లయే ఖరీదైన రెస్టారెంట్‌కు అసలు గుర్తు. వెండి చెంచాలు ఎవరైనా కొనగలరు.

దారిలో మరికొందరు

పసార్ ఒంటరి కాదు. ఇటలీలోని మిలాన్‌లో పియెత్రో లీమాన్ అనే స్విస్ షెఫ్ 1989లోనే ‘జోయా’ పేరుతో శాకాహార రెస్టారెంట్ తెరిచారు. 1996లో దానికి నక్షత్రం వచ్చింది, యూరప్‌లో శాకాహార రెస్టారెంట్‌కు అదే మొదటిది. కోపెన్‌హాగెన్‌లో ఫుట్‌బాల్ స్టేడియం ఎనిమిదో అంతస్తులో ఉన్న మూడు నక్షత్రాల ‘జెరేనియం’ 2022 జనవరిలో మాంసం మానేసింది. చేపలు మాత్రం ఉన్నాయి. అదే ఏడాది ప్రపంచ యాభై ఉత్తమ రెస్టారెంట్ల జాబితాలో మొదటి స్థానం దానిదే. నెదర్లాండ్స్‌లోని నైమెగెన్ పట్నంలో పూర్తిగా మొక్కల మీద ఆధారపడ్డ ‘దె న్యూవె వింకెల్’కు రెండు నక్షత్రాలున్నాయి.

ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దులో మెంతోన్ దగ్గర ‘మిరాజూర్’ ఉంది. నడిపేది అర్జెంటీనాలో పుట్టిన మౌరో కొలగ్రెకో, పసార్ దగ్గర పనిచేసిన శిష్యుడే. 2020 లాక్‌డౌన్‌లో తోటలోనే గడిపి, ఆ తర్వాత చంద్రుడి గతిని బట్టి మెనూ కట్టారు. కొన్ని రోజులు దుంపల భోజనం, కొన్ని రోజులు ఆకులు, కొన్ని రోజులు పూలు, కొన్ని రోజులు పళ్లు. తిథి చూసి విత్తనం వేసే రైతులు ఇంకా ఉన్న మనకు ఇది మరీ విడ్డూరంగా తోచదు.

అందరికీ కలిసిరాలేదు. బోర్డో దగ్గర అరెస్ అనే ఊళ్లో క్లేర్ వాలే ‘ఓనా’ తెరవడానికి అప్పు అడిగితే బ్యాంకులు ఇవ్వలేదు. జనం దగ్గర చందాలు పోగుచేసి 2016లో తెరిచారు. 2021లో నక్షత్రం వచ్చింది, ఫ్రాన్స్‌లో పూర్తి మొక్కల వంటకు అదే మొదటిది. మరుసటి ఏడాదే అది మూతపడింది. సముద్రం అవతల న్యూయార్క్‌లో మూడు నక్షత్రాల ‘ఎలెవెన్ మాడిసన్ పార్క్’ 2021లో మాంసం మానేసి, నాలుగేళ్లు నడిపి, 2025 అక్టోబరు నుంచి తిరిగి మాంసం పెట్టింది. తిరిగి పెడుతున్నామని వాళ్లు చెప్పింది ఆగస్టులో, పసార్ ప్రకటన వెలువడిన మరుసటి నెల. దారి నల్లేరు మీద నడక కాదని దీన్నిబట్టే తెలుస్తోంది.

నలభై రెండు వేలా?

పసార్ ప్రకటన నాటికి లార్పెజ్‌లో మధ్యాహ్నం భోజనం 260 యూరోలు, రాత్రి భోజనం 420. యూరో వంద రూపాయలనుకున్నా రాత్రి భోజనానికి మనిషికి నలభై రెండు వేలు, ద్రాక్షసారా కాకుండా. బీట్‌రూట్‌కూ ఉల్లిపాయకూ ఇంత డబ్బా అని అడగడం న్యాయమే.

మాంసం ముక్కకు కొనుబడి ఎక్కువ, పని తక్కువ. కూరగాయకు కొనుబడి తక్కువ, చేతుల పని చాలా ఎక్కువ. తోటమాలుల జీతాలు, గుర్రం మేత, పారిస్ నడిబొడ్డున చోటు ఖర్చు, ఒక్కో బల్లకు పూటకు ఒకే బేరం. లెక్క అలా తేలుతుంది. అయినా ఇది ఎవరూ అప్పు చేసి తినాల్సిన భోజనం కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మరో లెక్క. యూరప్‌లోని పేరున్న వంటిళ్లు చాలాకాలం జీతం లేని కుర్రాళ్ల మీద నడిచాయి. పని నేర్చుకుంటారన్న పేరుతో నెలల తరబడి ఆకులు తుడిపించడం, పూరేకులు ఏరించడం. నోమా కూడా 2022 అక్టోబరులో గానీ వాళ్లకు జీతం ఇవ్వడం మొదలుపెట్టలేదు. కొన్ని నెలలకే, 2023 జనవరిలో, ఈ తరహా రెస్టారెంట్ ఆర్థికంగానూ మానసికంగానూ నిలబడేది కాదని రెడ్జెపీ స్వయంగా ప్రకటించారు. జీతం లేకుండా పని చేయించుకుని కట్టిన పళ్లెం ఎంత అందంగా ఉన్నా అది అన్యాయపు పళ్లెమే. పనివాళ్లకు పూర్తి జీతమిచ్చి ధర పెంచిన చోటును నేను తప్పుపట్టను.

అంత డబ్బు పెట్టకుండా ఆ విద్య రుచి చూసే దారులున్నాయి. రాత్రికన్నా మధ్యాహ్నం ఎప్పుడూ చవక. గురువు దగ్గరకన్నా శిష్యుల దగ్గర చవక. పసార్ దగ్గర పనిచేసిన బెర్త్రాన్ గ్రెబో 2011లో పారిస్‌లోనే తెరిచిన ‘సెప్తీమ్’కు ఒక నక్షత్రం ఉంది, లార్పెజ్‌తో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. చోటు దొరకాలంటే మాత్రం వారాల ముందే కంప్యూటర్ ముందు కాచుక్కూర్చోవాలి.

వెళ్లేముందు

లండన్, డబ్లిన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్... మన పిల్లలు లేని ఊరు లేదిప్పుడు. అమ్మానాన్న వచ్చినప్పుడు ఒక పూట మంచిచోటికి తీసుకెళ్లాలని వాళ్లకు ఉంటుంది. శాకాహారులైతే చోటు బుక్ చేసేటప్పుడే వివరంగా రాయాలి. ‘వెజిటేరియన్’ అన్న ఒక్క మాట చాలదు. సూప్‌లో ఎముకల రసం, సలాడ్‌లో చిన్న చేపలు, తీపి వంటకంలో జెలటిన్ ఉండొచ్చు. పార్మెజాన్ చీజ్ తోడుపెట్టేది దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో, అది ఆ చీజ్ నియమం. గుడ్డు తింటారా లేదా, పాలు సరేనా, ఉల్లి వెల్లుల్లి సంగతేమిటి, అన్నీ రాయండి. మొహమాటం అక్కర్లేదు. మంచి వంటిల్లు దాన్ని ఇబ్బందిగా భావించదు. వారం ముందు తెలిస్తే మీకోసం వేరే వరస కడుతుంది. బల్ల దగ్గర కూర్చున్నాక చెబితేనే వాళ్లకు కష్టం.

మద్యం తాగనివాళ్లు చిన్నబోవాల్సిన పని లేదు. పళ్లరసాలు, పులియబెట్టిన టీలు, ఆకుల కషాయాలతో ఒక్కో వంటకానికి ఒక్కో గ్లాసు జతచేసే ఏర్పాటు చాలాచోట్ల ఉంది, నోమా లాంటి చోట్ల దానిమీద ఎంతో శ్రమ పెట్టారు. ఫ్రాన్స్‌లో మామూలు నీళ్ల జగ్గు ఉచితంగా ఇవ్వాలని చట్టం ఉంది, అడగండి. బిల్లులో సర్వీసు ఛార్జీ కలిసే ఉంటుంది, టిప్పు మీ ఇష్టం. చెంచాలు, ఫోర్కులు బయటి నుంచి లోపలికి వాడుకుంటూ పోవడమే. రొట్టె చేత్తో తుంచుకోవాలి, కత్తితో కోయరు.

ఇంకొక మనవి. మొదటి నాలుగైదు వంటకాలైనా కారం అడగకుండా తినండి. కారం లేకపోవడం లోటుగా అనిపించేది మొదటి రెండు ముద్దలే. ఆ తర్వాత లీక్స్‌లోని తీపి, ఆర్టిచోక్‌లోని చిరుచేదు, సోరెల్ ఆకులోని పులుపు ఒక్కొక్కటే పైకి వస్తాయి. చుక్కకూర, గోంగూర తిని పెరిగిన నాలుకకు పులుపులో తేడాలు పట్టుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

మన బల్లల మీద

మన పెద్ద హోటళ్ల సంగతికి వద్దాం. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ‘కాంటినెంటల్’ అని రాసి ఉన్న ఖరీదైన చోటికి వెళ్తే శాకాహారికి దొరికేది ఏమిటి? పుట్టగొడుగులు, బ్రోకలీ, జుకినీ, పనీర్. అటు తిప్పి ఇటు తిప్పి అవే. యూరప్ పాతికేళ్ల కింద వదిలేసిన పద్ధతిని మనవాళ్లు యూరోపియన్ అని వడ్డిస్తున్నారు. పసార్ నుంచి నేర్చుకోవాల్సింది బీట్‌రూట్ వంటకం కాదు. దగ్గరి నేలలో పండినదాన్ని, పండిన రోజుల్లోనే, గొప్ప నేర్పుతో వండి, దాని ఊరి పేరుతో బల్ల మీద పెట్టడం. గోదావరి లంకల వంకాయ ఉంది. మదనపల్లె టమాటా ఉంది. కర్నూలు ఉల్లి ఉంది. వీటి పేర్లు మెనూ మీద ఎందుకు కనిపించవు?

ఊరి పేరుకు ఉన్న విలువ తెలియాలంటే దూరం వెళ్లక్కర్లేదు. అరకు కొండల్లో ఆదివాసీ రైతులు పండించిన కాఫీకి 2017లో పారిస్‌లోని ర్యూ ద బ్రెతాన్ వీధిలో సొంత దుకాణం తెరిచారు. బోర్డు మీద ఆ ఊరి పేరే. కాఫీ విషయంలో పారిస్‌లో సాధ్యమైనది వంకాయ విషయంలో హైదరాబాద్‌లో ఎందుకు కాకూడదు?

షెఫ్‌లు మారాలంటే ముందు తినేవాళ్లు అడగాలి. ఈసారి పెద్ద హోటల్‌కు వెళ్లినప్పుడు మెనూ తెచ్చినవారిని ఒక్క మాట అడగండి, ఈ కూరగాయ ఏ ఊరిదని, ఎప్పుడు కోశారని. వారికి తెలియకపోతే లోపల కనుక్కుని చెప్పమనండి. అప్పటికీ జవాబు రాకపోతే, మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ అడగండి.